మైకు టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళు

నాకు ముప్పై నాలుగేళ్ళు. రిటైరయ్యానని చెబితే మా అమ్మే నవ్వుతుంది. కానీ మా పనిలో చెవి రిటైరైతే మనిషి రిటైరైనట్టే. పోయిన ఏడాది వినికిడి పరీక్ష చేయించుకుంటే డాక్టరు గారు కాగితం నా వైపు తిప్పి చూపించారు. గీత కొంతదూరం తిన్నగా నడిచి, డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి దిగినట్టు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ దిగిన చోట ఉండే శబ్దాలేమిటో నాకు తెలుసు. డ్రమ్స్ పళ్ళెం చివర మోగే సన్నటి మెరుపు, పాడేవాడి మాటల్లో స, ష, గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు. అవి ఇక నాకు రావు. వాటి బదులు రోజంతా చెవిలో ఒక సన్నని కూత నడుస్తూ ఉంటుంది.

నేను చేసిన పని స్టేజీ షోలకు సౌండు చెయ్యడం. విజిటింగ్ కార్డు మీద సౌండ్ ఇంజినీర్ అని వేసుకుంటాం. కార్యక్రమం పెట్టినవాళ్ళు ‘మైకబ్బాయి’ అని పిలుస్తారు. రెండూ ఒకటే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నాకు ఫోన్ చేసి ఏ మిక్సర్ కొనాలి, ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతారు. ఆ జవాబులు ఇంటర్నెట్‌లో నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. నేను రాస్తున్నది మిక్సర్ వెనక నిలబడి పదేళ్ళపైన చూసిన ఒకే ఒక్క సంగతి: ఒక పాటగాడికి మనుషులు ఎలా దొరుకుతారు, దొరికినవాళ్ళు ఎలా పోతారు. ధైర్యం చెప్పే మాటలు ఇందులో లేవు. ఉన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది.

తెలియని పాట

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక నేను చేరింది సత్యం గారి దగ్గర. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఉద్యోగం రాక మైకు సెట్లు అద్దెకివ్వడం మొదలుపెట్టిన మనిషి. సబ్బవరంలో గోడౌను. ఆయన నాకు ఒక మంచి పాఠం, ఒక చెడ్డ పాఠం చెప్పారు. రెండూ సమానంగా నమ్మాను.

చెడ్డది ముందు చెబుతాను. మొదటి నెలలో నేను చెవుల్లో రబ్బరు ప్లగ్గులు పెట్టుకుంటే ఆయన గోడౌను అంతా వినబడేలా అరిచారు. “సెవుల్లో బిరడాలెట్టుకున్నోడు సౌండు మనిషేటి? కళ్ళజోడుకి నల్లరంగేసుకుని బస్సు తోలతావా?” అందరూ నవ్వారు. ప్లగ్గులు తీసి జేబులో వేసుకున్నాను. మళ్ళీ పెట్టుకోలేదు. ఫలితం మొదటి పేరాలో ఉంది.

మంచిది ఇది. “తెలిసిన పాటతో టెస్టింగ్ సెయ్యకు పెసాదూ. తెలిసిన పాటైతే బాక్సులోంచి రానిది కూడా నీ బుర్ర పాడీసుకుంటది. నీకూ, పాడేవోడికీ, ఎవుడికీ తెలీని పాటెట్టించు. అప్పుడు వచ్చిందే వినబడతది.”

దీన్ని నేను పరీక్షించి చూశాను. నూటికి నూరుపాళ్ళు నిజం. అందరికీ నోటికొచ్చిన సినిమా పాట పెడితే వయొలిన్ లైను తెగిపోయి ఉన్నా మన చెవి దాన్ని పూరించేసుకుంటుంది. షో మధ్యలో గాని సంగతి బయటపడదు.

ఎలీషా నాకు పరిచయమైంది ఈ సూత్రం వల్లే. పాత పోస్టాఫీసు దగ్గర ఇల్లు. నాన్న పోర్టులో ఉద్యోగి. చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. చదివింది మా పాలిటెక్నిక్కే, మెకానికల్, నాకంటే ఒక ఏడాది వెనక. ఉత్సవాలకు, కాలేజీ పండగలకు సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలో పాడేవాడు. ఒక సాయంత్రం టెస్టింగ్‌లో వాణ్ణి, ఎవరికీ తెలియని పాట ఏదైనా ఉంటే పాడమన్నాను.

“నావన్నీ ఎవుడికీ తెలీని పాటలే బావా,” అన్నాడు మైకులో.

గిటారు గొంతు పెంచమని సైగ చేశాడు. పెంచాను. అంతవరకు ఆ గిటారు సినిమా పాటల వెనక వినయంగా టిక్ టిక్ మంటూ ఉండేది. అది ఒక్కసారిగా గరుకుగా, రంపం చెక్కలోకి దిగినట్టు లేచింది. దాని మీద వాడి గొంతు:

పొద్దున్న తెల్ల సొక్కా ఆరేత్తాం,
సాయంత్రం నల్ల సొక్కా తీత్తాం,
మద్దిలో ఏటయ్యిందో
గాలినడగండి, మమ్మల్ని కాదు.

పోర్టు చుట్టుపక్కల, బొగ్గు పొడి ఎగిరొచ్చే గాలిలో బట్టలారేసుకునే ఇళ్ళవాళ్ళకు ఈ పాటకు అర్థం చెప్పక్కర్లేదు.

వాడు రాసినవి అలాంటివే. షిఫ్టు సైరన్ మీద ఒకటి, నాన్న దగ్గు మీద ఒకటి, స్టీల్ ప్లాంటు బస్సులో నిలబడి నిద్రపోయేవాడి మీద ఒకటి. చర్చి పెద్దలు, ఇది దేవుడి సంగీతం కాదన్నారు. ఆర్కెస్ట్రా యజమాని, కొత్త పాట పాడితే జనం లేచిపోతారన్నాడు. కాబట్టి వాడు తన పాటలు పాడుకోవడానికి ఊరంతటిలో ఉన్న ఒకే చోటు నా మైకు టెస్టింగ్. ఎవరూ వినరని అందరూ అనుకునే వేళ.

గ్రౌండులో ఎవరుంటారు

సాయంత్రం నాలుగింటికి, షోకి ముందు, ఖాళీ గ్రౌండులో ఎవరుంటారో రాసుకుంటూ పోతే: కుర్చీలు వేసేవాళ్ళు, షామియానా కట్టేవాళ్ళు, జనరేటరు డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, మరమరాల మురీ మిక్చర్ అమ్మే బండివాడు. బీచి పక్కన స్టేజీ అయితే ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకునే జాలర్లు కూడా. ఆరింటికి పాసులున్నవాళ్ళు వస్తారు. అప్పుడు వీళ్ళు బారికేడు అవతలకి పోతారు.

ఎలీషా అభిమానులంతా ఈ నాలుగింటివాళ్ళలోంచే పుట్టారు. ఆరింటివాళ్ళలోంచి ఒక్కరు పుట్టినట్టు నాకు తెలియదు.

మనిషి అభిమానిగా మారే క్షణం ఎలా ఉంటుందో నేను చాలాసార్లు చూశాను. చప్పట్లు కొట్టరు, ఈల వెయ్యరు. చేస్తున్న పనిలో చేతులు ఆగుతాయి, అంతే. కుర్చీల దొంతర నెత్తి మీద పెట్టుకుని నడుస్తున్న మనిషి, దొంతర దించడం మరిచిపోయి అలాగే నిలబడతాడు. స్టేజీ వైపు కూడా చూడడు. ఎటో చూస్తూ వింటాడు. తనని ఎవరూ వినమనలేదు. చప్పట్లు కొట్టమని యాంకరు అరవలేదు. అందుకే ఆ పాట తనదనుకుంటాడు. తనే దొరకబుచ్చుకున్నాడు కదా.

అలా మొదట దొరికినవాడు నూకరాజు. బీచి రోడ్డు అంచున ఉన్న జాలరిపేట మనిషి, యాభై దాటినవాడు. చొక్కా పాట రెండో చరణంలో వల మీద కుట్టుపుల్ల ఆగిపోయింది. పాట అయ్యాక లేచి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు.

“ఈ పాట ఏ సినిమాలోది బాబూ?”

“సినిమాది కాదు బాబాయ్. ఆ అబ్బాయే కట్టాడు.”

“ఆడికెలా తెలిసింది? మా కోడలు రోజూ గాలినే తిడతది. ఆరేసీటప్పుడోపాలి, తీసీటప్పుడోపాలి.” కాసేపు స్టేజీ వైపు చూశాడు. “రేత్రి పోగ్రాంలో ఇది పాడతాడా?”

“పాడనివ్వరు. సినిమా పాటలే.”

“అయితే పోగ్రాం మాకెందుకులే. మళ్ళీ టెస్టింగెప్పుడో సెప్పు.”

ఆ మాట జోక్ అనుకున్నాను. తర్వాతి షో మద్దిలపాలెం వైపు ఒక కాలేజీ గ్రౌండులో. నాలుగింటికి నూకరాజు వచ్చాడు. ఇద్దరిని వెంటబెట్టుకుని, చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆ తర్వాత మురీ మిక్చర్ బండి రాంబాబు తన బండి ఎక్కడ పెట్టాలో మా టెస్టింగుల్ని బట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకునేవారు. పోస్టరు లేదు, పేరు లేదు. “ఆ సొక్కా కుర్రోడి టెస్టింగు” అనేవారు.

సౌండు సరిపోనేదు

వీళ్ళకు ఒక ఇబ్బంది ఉండేది. టెస్టింగ్‌లో పాట ఒకసారే వస్తుంది. సౌండు సరిపోతే నేను బొటనవేలు చూపిస్తాను, ఆర్కెస్ట్రా దిగిపోయి టీలకు పోతుంది. నూకరాజు ఈ పద్ధతిని రెండు మూడుసార్లు గమనించి, లోపం ఎక్కడుందో కనిపెట్టాడు.

“బాబూ, ఆ పాటలో బేసు సరిపోనేదు.”

“సరిపోయింది బాబాయ్.”

“నీకు సరిపోయిందేమో. నాను పుట్టిందగ్గర్నించి సముద్రం పక్కనుంటన్నాను. నా సెవికి సరిపోనేదు. ఇంకోపాలి పాడించు.”

ఎలీషా మైకులోనే పగలబడి నవ్వి మళ్ళీ అందుకున్నాడు. అయ్యాక బండి దగ్గర్నుంచి రాంబాబు కేకేశాడు. “గిటారు సరిపోనేదు బావా!” సెక్యూరిటీ గార్డు గొంతు సవరించుకుని, డ్యూటీలో ఉన్న మనిషిలా గంభీరంగా అన్నాడు. “మాట క్లియర్‌గా నేదండి. సెకండ్ చరణం.”

అది ఆచారమైపోయింది. మరోసారి పాడమని వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. సౌండు సరిపోలేదని ఫిర్యాదు చేసేవారు. ఎలీషా వాళ్ళ మాటే వినేవాడు. నేను మాత్రం ఒక్కసారి కూడా ఆ ఆటలో కలవలేదు. సరిపోయినప్పుడు సరిపోయిందనే చెప్పేవాణ్ణి. సౌండు విషయంలో అబద్ధమాడకూడదన్నది నా పట్టుదల. “నువ్వొక్కడివే బావా ఈ ఊళ్ళో నాకు ఫేన్ కానోడివి,” అని ఎలీషా వెక్కిరించేవాడు.

ఆ రోజుల్లో వాడి కోరిక ఒకటే. టీ తాగుతూ, కేబుళ్ళు చుడుతూ, వానులో వెనక కూర్చుని, ఎన్నిసార్లు చెప్పాడో.

“ఒక్క పూట బావా. లైట్లేసి, నా పాటలే. మొదట్నించీ సివరిదాకా. నా పాటలకే వచ్చినోళ్ళు కూకుని వినాలి. ఆ తర్వాత పోర్టులో బస్తాలు మొయ్యమన్నా మోత్తాను.”

కుక్కర్

బీచి పక్కన ఏదో ఉత్సవానికి టెస్టింగ్ చేస్తున్నాం. స్టేజీ మీద పాడేవాడికి తన గొంతు తనకు వినబడాలని కాళ్ళ దగ్గర ఒక చిన్న బాక్సు పెడతాం. పూల కుండీలు సర్దేవాడెవడో ఆ బాక్సును మైకుకి ఎదురుగా తిప్పేశాడు. బాక్సు శబ్దం మైకులోకి, మైకు శబ్దం బాక్సులోకి పోయి అది కూత పెట్టింది. మా వృత్తిలో అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. నేను అందుకుని ఆపేలోగా మూడుసార్లు కూసింది.

ఎలీషా మైకు పట్టుకుని నా వైపు తిరిగాడు. “ఏటి బావా, మైకులో కుక్కరెట్టేసావా? ఎన్ని విజిల్స్‌కి దింపుతావ్?”

ఇసుకలోంచి నూకరాజు అరిచాడు. “మూడయిపోనాయి, దించీరా! ముద్దయిపోద్ది!”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఎలీషా నవ్వుతూనే చొక్కా పాట ఎత్తుకున్నాడు.

రోడ్డు మీద పోతున్న ఎవరో దాన్ని ఫోన్లో తీశారు. కూత, కుక్కర్ మాట, నవ్వులు, చివర పాటలోని ‘పొద్దున్న’ అన్న ఒక్క ముక్క. అక్కడితో వీడియో అయిపోతుంది. వారం తిరక్కుండా అది ఊరంతా పాకింది. తర్వాత జిల్లాలు దాటింది. పెళ్ళిళ్ళలో మైకు కూస్తే జనం ‘ఎన్ని విజిల్స్ బావా’ అనడం మొదలుపెట్టారు. ఎలీషాకి ‘కుక్కర్ బావ’ అని పేరొచ్చింది.

ఒక ఈవెంట్ మేనేజరు వచ్చాడు. పేరు రాయను, చెడ్డవాడు కాడు. వరసగా షోలు ఇస్తాననీ, కొన్నాళ్ళకి ఎలీషా పాటలకే ఒక పూట హాలు పెడతాననీ అన్నాడు. ప్రతి షోలో కుక్కర్ ఉండాలి. నిజం కూత కావాలి, నోటితో కాదు. అంటే నేను కావాలని కూత పెట్టించాలి.

సత్యం గారు ఒక్క మాటన్నారు. “కూత రాకుండా సెయ్యడానికి నీకు పని నేర్పాను. ఇప్పుడు కూత అమ్ముతావా?” ఆయన బాక్సులు ఆ షోలకు ఇవ్వలేదు. మేనేజరు వేరేచోట తెచ్చుకున్నాడు. నేను సత్యం గారి దగ్గర మానేసి ఎలీషా వెంట వెళ్ళాను. వాడు చెప్పిన మాట నాకు సబబుగా తోచింది.

“కుక్కర్ కోసమే రానీ బావా. కుక్కర్ సప్పుడుకి వచ్చినోడు ఆకలితోనే కదా వత్తాడు? అన్నం నాను పెడతాను.”

నేను లెక్క ప్రకారం ఆలోచించే మనిషిని. వెయ్యిమంది వస్తే వందమందైనా పాట దగ్గర ఆగుతారు అనుకున్నాను. షో తర్వాత షో, మిక్సర్ వెనకనుంచి చూశాను. కూత రాగానే ఫోన్లు లేస్తాయి. ‘ఒకటి! రెండు! మూడు!’ అని గ్రౌండంతా లెక్కపెడుతుంది. ఎలీషా మాట అంటాడు. గోల. తర్వాత వాడు తన పాట మొదలుపెడతాడు. ఫోన్లు దిగుతాయి, తలలూ దిగుతాయి, తీసిన వీడియో ఎలా వచ్చిందో చూసుకుంటారు. ఎవరి చేతులూ ఆగవు. పాట ముగిసేసరికి సగంమంది మిక్చర్ బండి దగ్గర ఉంటారు. రాంబాబుకి వ్యాపారం బాగా పెరిగింది. “అమ్మకం బాగున్నాది బావా,” అన్నాడొకసారి, ఏదో తప్పుచేసినవాడిలా. “పాటే వినబడ్డం నేదు.”

నా తీర్పు ఇది. కోరి వచ్చినవాడు తాను కోరినదే పట్టుకుపోతాడు. ఏమీ కోరకుండా అక్కడున్నవాడికే కొత్తది దొరుకుతుంది. ఇది పాటగాడి తప్పు కాదు, వచ్చినవాళ్ళ తప్పూ కాదు. అందుకే దీనికి మందు కూడా లేదు.

ద్వారకా నగర్ హాలు

చివరికి మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్స్‌కి నడిచిపోయేంత దూరంలో ఒక హాలు. టికెట్టు పెట్టి, లైట్లేసి, సాయంత్రమంతా ఎలీషా పాటలే. ఆరంభంలో ఒక్కసారి కుక్కర్, అంతే. ఎలీషా నాన్న పోర్టు నుంచి సెలవు పెట్టి ముందు వరసలో కూర్చోవడానికి వచ్చాడు. ఎలీషా పది రకాలుగా పాటల వరస మార్చాడు. చొక్కా పాట చివర పెట్టాలా, మొదట పెట్టాలా అని తేలక, చివరికి మొదటే పెట్టాడు.

టెస్టింగ్‌కి బయటివాళ్ళను రానివ్వొద్దని మేనేజరు గేటు మూయించాడు. “ముందే వినేస్తే టికెట్టెవడు కొంటాడండి?” అతని ప్రశ్నలో తర్కం ఉంది.

నాలుగింటికి గేటు దగ్గర గొడవ వినబడి వెళ్ళాను. నూకరాజు, అతని వెంట నలుగురు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు వేసుకున్నారు. గార్డు టికెట్టు చూపిస్తూ చెబుతున్నాడు. “ఆరున్నరని రాసుంది కదా పెద్దాయనా.”

“టికెట్టు నేకపోతే కదరా నువ్వాపాలి. ఇగో, అందరివీ ఉన్నాయి.” నన్ను చూసి నూకరాజు ముఖం తేటపడింది. “బాబూ, సెప్పు వీడికి. ఆరున్నరకి లోన కుక్కర్ గోల. అందులో మాకేటినబడతాది? టెస్టింగినీసి ఎల్లిపోతాం. మా టికెట్లు ఎవులికైనా ఇచ్చీండి.”

లోపలికి వెళ్ళి మేనేజరును అడిగాను. ఒకరికి గేటు తీస్తే అందరికీ తియ్యాలన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. టికెట్లు గార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

లోపల ఎలీషా ఖాళీ హాలుకి చొక్కా పాట పాడాడు. ఆ గొంతు, ఆ గిటారు, ఆ హాలు గోడలు మూడూ ఒకదానికొకటి సరిపోయిన రోజు అది. నా జీవితంలో నేను చేసిన అత్యంత శుభ్రమైన సౌండు. పాట అయింది. ఎలీషా మైకు పట్టుకుని, కుర్చీల వైపు చూస్తూ ఆగాడు. అలవాటు కొద్దీ ఒక మాట కోసం చూస్తున్నాడు. అనేవాళ్ళు లోపల లేరు. నా వైపు చూశాడు. బొటనవేలు చూపించాను.

ఆరున్నరకి హాలు నిండింది. కూత పెట్టించాను. లెక్కపెట్టారు, నవ్వారు. ఎలీషా చొక్కా పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం వరకు నిశ్శబ్దంగానే ఉంది. నాకు ఆశ కలిగింది. రెండో చరణం మొదట్లో బాల్కనీలోంచి ఎవడో నోటితో కుక్కర్ విజిల్ వేశాడు. ‘ఒకటి!’ అంది హాలు. ఇంకొకడు వేశాడు. ‘రెండు!’

ఎలీషా ఆపాడు. నవ్వి, కుక్కర్ మాట అన్నాడు. చప్పట్లు. మళ్ళీ మొదటినుంచి పాడాడు. మళ్ళీ అక్కడికే రాగానే విజిల్. ముందు వరసలో వాళ్ళ నాన్న వెనక్కి తిరిగి “ఆగండమ్మా, పాడనివ్వండి” అని చేతులెత్తాడు. పక్కవాడు ఆయన్ని కూడా ఫోన్లో తీశాడు. మూడోసారి ఎలీషా పాట ఎత్తుకోలేదు. ఆ తర్వాత గంటన్నరసేపు ఏం కావాలో అదే ఇచ్చాడు. జోకులు, కూతలు, అడిగినవాళ్ళకు సినిమా పాటలు. టికెట్టు కొన్నవాళ్ళు ఒక్కరూ అసంతృప్తితో పోలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. ఎవరైనా తిట్టుకుంటూ పోయి ఉంటే ఏదో తప్పు జరిగిందని చెప్పుకోవడానికైనా ఉండేది.

హాలు ఖాళీ అయ్యాక ఇద్దరం కేబుళ్ళు చుట్టాం. వాడు ఎప్పుడూ చుట్టేటంత శ్రద్ధగానే చుట్టాడు, మెలిక పడకుండా.

“ఆకలితో రానేదు బావా,” అన్నాడు. “తినీసి వచ్చినారు.”

కొత్తవాళ్ళకు

రాయవలసినవి రాస్తాను. చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి, నవ్వినవాణ్ణి నవ్వనివ్వండి. టెస్టింగ్ తెలియని పాటతో చెయ్యండి. ఆ వేళ గేటు ముయ్యకండి. నాలుగింటికి వచ్చినవాడు మీకు తెలియకుండానే వస్తాడు, తెలియకుండానే పోతాడు. వెతకడానికి అతని పేరు కూడా ఉండదు. ఇవన్నీ చేశాక మీ పాటగాడు నిలబడతాడా అంటే, నాకు తెలిసినంతవరకు, నిలబడడు. పాటను పదిమందికి చేరవేసే దారే దాన్ని చంపేస్తుంది. ఆ దారి లేకపోతే అది పదిమంది దగ్గరే చచ్చిపోతుంది. మూడో దారి నేను చూడలేదు. చూసినవాళ్ళుంటే నా అనుభవం తక్కువని ఒప్పుకుంటాను.

ఎలీషా మేనేజరుతో ఇంకొన్నాళ్ళు చేశాడు. వీడియోకి పాతబడ్డ వాసన రాగానే షోలు తగ్గాయి. వాడు అచ్యుతాపురంలో ఒక కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేరాడు. నూకరాజును ఒకసారి చేపల రేవులో కలిశాను. వాడి గురించి అడిగాడు, చెప్పాను. “ఉద్యోగమా? మంచిదే,” అని, వల భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

నా చివరి పని ఆ కంపెనీలోనే. ఉద్యోగుల కుటుంబాల కోసం పెట్టిన కార్యక్రమం, సాయంత్రం గ్రౌండులో. అప్పటికే నా చెవిని నేను నమ్మడం మానేశాను. సన్నటి పై శబ్దాలు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పడానికి ఇంకో చెవి కావాలి. నీలం యూనిఫాంలో కుర్చీలు వేస్తున్నవాళ్ళలో ఎలీషా కనిపించాడు. పిలిచాను.

“సెవి అంతలా పోయిందేటి బావా?”

“పోయింది.”

మైకు తీసుకున్నాడు. “చెక్. చెక్. స, ష, స,” అన్నాడు, నాకు ఏవి వినబడవో ఆ అక్షరాలే పలుకుతూ. “ఇవి బాగానే వత్తన్నాయి. కొంచెం గరుకున్నాది, తగ్గించు.” తగ్గించాను.

“ఒక పాట పాడు,” అన్నాను. “ఎవరికీ తెలియనిది.”

ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత గిటారు లేకుండా, గొంతు ఎత్తకుండా, కొలత తీసుకునేవాడిలా, చొక్కా పాట మొదటి నాలుగు పంక్తులూ పాడాడు. కుర్చీలు వేసేవాళ్ళు కుర్చీలు వేస్తూనే ఉన్నారు. ఎవరి చేతులూ ఆగలేదు. నావి తప్ప.

వాడు మైకు నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు.

“సరిపోలేదు,” అన్నాను. “ఇంకోసారి.”

నేను చేసిన ఉద్యోగమంతటిలో సౌండు గురించి ఆడిన అబద్ధం అదొక్కటే. అది అబద్ధమని వాడికీ తెలుసు.

“సరిపోయింది బావా,” అన్నాడు.

మైకు స్టాండుకి తగిలించి, మెట్లు దిగి, కుర్చీల దగ్గరికి వెళ్ళిపోయాడు.